అమ్మ గొంతు కోసం, నోరు మూసుకుని చిలుకూరుకి

యాత్రలు పుణ్యం కోసం మొదలవుతాయని పెద్దలంటారు. నా యాత్ర మాత్రం మా ఇంట్లో తిట్లు వినిపించడం ఆగిపోయినందువల్ల మొదలైంది. మా అమ్మ సినిమాలకి డబ్బింగ్ చెబుతుంది. మద్రాసు నుంచి సినిమా హైదరాబాదుకి మకాం మార్చినప్పుడు దాని వెనకే మేమూ గిన్నెలు సర్దుకుని వచ్చి యూసుఫ్‌గూడలో రెండు గదుల వాటాలో దిగాం. తెలుగు తెర మీద కొడుకు మీద పడి ఏడ్చిన తల్లుల్లో ఎంతమంది మా అమ్మ గొంతుతో ఏడ్చారో ఆవిడకే గుర్తులేదు. నాన్న పోయాక ఇంటద్దె, బియ్యం, నా బీఎస్సీ అన్నీ ఆ ఏడుపుల మీదే నడిచాయి. అలాంటి గొంతులో ఈ వేసవిలో చిన్న బుడిపె తేలింది. డాక్టరుగారు దాన్ని తీసేసి, "రెండు వారాలు ఒక్క మాట వద్దు. గుసగుస అసలే వద్దు. ఆ పై సోమవారం వచ్చి నా ఎదురుగా మాట్లాడాలి. గొంతు ఎలా వస్తుందో అప్పటిదాకా నేనూ చెప్పలేను" అన్నారు.

ఆ రెండు వారాలూ మా ఇల్లు ఆడియో పోయిన సినిమాలా నడిచింది. అమ్మ స్టీలు కంచం మీద గరిటెతో కొట్టి రాజ్యపాలన చేసేది. ఒక దెబ్బ కొడితే రమ్మని, రెండు కొడితే తినమని, ఆపకుండా కొడితే నా భవిష్యత్తు గురించి. నవ్వుకుంటూనే ఉన్నాను గానీ రాత్రిళ్ళు భయమేసేది. గొంతు తిరిగి రాకపోతే? వచ్చినా, మైకు ముందు పనికొచ్చే గొంతు కాకపోతే? ఆపరేషన్ రోజు ఆసుపత్రి వరండాలో నేనొక మొక్కు మొక్కాను. అమ్మ మాట్లాడే సోమవారం లోపు చిలుకూరు బాలాజీ దగ్గరికి ఒంటరిగా నడిచి వెళ్తాను, గుడి చేరేదాకా నేనూ ఒక్క మాట మాట్లాడను అని. నడక మాట విని మిత్రులు మెచ్చుకున్నారు. మౌనం మాట విని కడుపు పట్టుకుని నవ్వారు. నా ప్రధాన వృత్తి మాట్లాడటమేనని వాళ్ళకి బాగా తెలుసు.

ఇక ప్రణాళిక. మా ఇంటి నుంచి చిలుకూరు పాతిక కిలోమీటర్లకి పైనే ఉంటుంది. జూబ్లీహిల్స్ ఎక్కి, ఫిల్మ్ నగర్ మీదుగా షేక్‌పేట దిగి, టోలీచౌకీ, లంగర్‌హౌజ్, కాళీమందిర్ దాటుకుని పోవాలి. ఆపరేషన్ హడావుడిలో మే నెలంతా పోయింది. చేతిలో మిగిలింది జూన్ మొదట్లో ఒకే ఒక ఆదివారం. వాతావరణం సంగతి తెలుసుకుందామని పై వాటాలో ఉండే సూరిబాబు దగ్గరికి వెళ్ళాను. ఆయన కెమెరా అసిస్టెంటు. మెడలో నల్లటి అద్దం ఒకటి వేలాడుతూ ఉంటుంది. దానిలోంచి సూర్యుణ్ణి చూసి, మబ్బు ఎన్ని నిమిషాల్లో తప్పుకుంటుందో చెబితే యూనిట్ మొత్తం నమ్ముతుంది. డాబా మీద నిలబడి పడమటి ఆకాశమంతా గాలించి, "అదృష్టవంతుడివి తమ్ముడూ! ఆదివారం లాంటి రోజు దొరకడం కష్టం. మచ్చుకి ఒక్క మబ్బు ముక్క ఉండదు" అన్నాడు.

"ఎన్నింటికి బయల్దేరమంటావు సూరన్నా?"

"ఏడింటికి కదులు చాలు. అంతకుముందు వెలుగెక్కడుంటుందీ? చీకట్లో వెళ్ళి ఏం చేస్తావు?"

నాకది మహర్షి వాక్కులా వినిపించింది. సినిమావాళ్ళకి మంచి రోజంటే నిండా ఎండ కాసే రోజని, వాళ్ళ గడియారం సూర్యుడొచ్చాకే తిరుగుతుందని, నడిచేవాడికి అవి రెండూ యమపాశాలని నా డిగ్రీ బుర్రకి తట్టలేదు. పైగా సూరన్న మహా ప్రేమగా యూనిట్ వాళ్ళ కెమెరా గొడుగు కూడా తెచ్చిపెట్టాడు. అది గొడుగు కాదు, గుడారం. ఎరుపూ పసుపూ చారలతో దాని కింద నలుగురు సంసారం చెయ్యొచ్చు.

ఇంటి ఓనరు యాదమ్మగారు దాన్ని చూసి నోరు నొక్కుకుంది. "గిదేం ఛత్రి కొడుకా, పెండ్లికి పోతున్నవా? మిరుగం ఒచ్చింది. పొద్దుగాల మాడుస్తది, మాపటికి తడుపుతది. జర పైలం" అంది. మిరుగమంటే మృగశిర కార్తె. వానలు దిగే రోజులన్నమాట. నేను నాగరికంగా చిరునవ్వు నవ్వాను. అమ్మ మాత్రం తల ఊపి, గరిటె పక్కన పెట్టి రంగంలోకి దిగింది. సీసా నిండా ఉప్పేసిన పల్చటి మజ్జిగ, నెత్తికి తడిపి కట్టుకోవడానికి తువ్వాలు, వాన కోసం మడత పెట్టిన ప్లాస్టిక్ పట్టా, వడదెబ్బ తగలకుండా చొక్కా జేబులో ఒక ఉల్లిపాయ. ఉల్లిపాయ వద్దని చెప్పబోతే కంచం మోగడం మొదలైంది. జేబులోనే పెట్టుకున్నాను.

ఆదివారం ఏడింటికి మౌనం మొదలైంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ఎత్తు ఎక్కేసరికే చొక్కా వీపుకి అంటుకుపోయింది. పెద్దమ్మ గుడి దగ్గర మూడు రూపాయల కొబ్బరికాయ కొట్టి, జూబ్లీహిల్స్ రోడ్లలో పడ్డాను. అక్కడి రాళ్ళని చూడటానికైనా ఒకసారి నడవాలి మీరు. ఏనుగంత బండ మీద ఇంకో బండ ఏ ఆధారమూ లేకుండా కూర్చుని ఉంటుంది. దాని పక్కనే ఒక నిర్మాతగారు రెండంతస్తుల మేడ కట్టుకుని హాయిగా నిద్రపోతుంటాడు. గోడల మీంచి కాగితప్పూలు రోడ్డు మీదకి వంగి ఉన్నాయి. ఫిల్మ్ నగర్‌లో ఒక ఖాళీ స్థలంలో గుడి సెట్టు వేశారు. ప్లాస్టర్ గోపురం, అట్ట ధ్వజస్తంభం. లోపల దేవుడింకా రానేలేదు, గడప మీద మాత్రం ఎవరో భక్తిగా పావలా పెట్టి వెళ్ళారు. నేనూ దణ్ణం పెట్టుకున్నాను. ఏ దేవుడి ప్రతినిధిని ఎక్కడ కాపలా పెట్టారో మనకేం తెలుసు?

ఆ పక్క సందులోనే అమ్మ పనిచేసే డబ్బింగ్ థియేటర్ ఉంది. ఆదివారం కాబట్టి తాళం వేసి ఉంది. కాపలాదారు సత్తెయ్య నన్ను గుర్తుపట్టాడు. "అమ్మకెట్లున్నది? మాట ఒచ్చిందా?" అన్నాడు. చేత్తో రేపు అని సైగ చేశాను. ఆయన తాళం వైపు చూసి, "అమ్మ లోపట ఏడుస్తుంటే మేం బయట ఏడుస్తుంటిమి. మల్ల ఒస్తది, ఫికర్ చెయ్యకు" అన్నాడు. అప్పటిదాకా సరదాగా ఉన్న మౌనం అక్కడ మొదటిసారి బరువనిపించింది.

షేక్‌పేట దిగాక గొడుగు తన ప్రతాపం చూపించింది. టోలీచౌకీలో రూపాయిన్నర టీ తాగుదామని ఆగితే హోటలు మొత్తం బయటికి వచ్చింది. "షూటింగ్ ఎక్కడన్నా?" అన్నాడొకడు. నేను తల అడ్డంగా ఊపాను. "చెప్పడంట. సీక్రెట్ అంట" అని వాడే ప్రకటించాడు. "హీరోయిన్ ఎనక కార్ల ఒస్తున్నదా?" అని ఇంకొకాయన. మళ్ళీ అడ్డంగా ఊపాను. "అయితే ముందలే పోయింది" అని తేల్చారు. లంగర్‌హౌజ్ దాకా ఓ డజను మంది రసికులు నా వెంట నడిచారు. ఒంటరి యాత్ర అనే నియమానికి అది భంగమో కాదో పండితులు తేల్చాలి.

లంగర్‌హౌజ్ దాటాక రసికులూ లేరు, నీడా లేదు. సూరన్న చెప్పినట్టే మచ్చుకి ఒక్క మబ్బు లేదు. తారు మెత్తబడి చెప్పులు అంటుకుంటున్నాయి. చెప్పు పట్టీ కింద బొబ్బ లేచి పగిలింది. మజ్జిగ ఎప్పుడో అయిపోయింది. వేడిగాలికి గొడుగు నన్ను పక్కకి లాక్కుపోతుంటే దాన్ని ముయ్యడానికే సగం ప్రాణం పోయింది. కాళీమందిర్ చేరేసరికి రోడ్డు నీళ్ళల్లో ఊగుతున్నట్టు కనిపించింది. అక్కడ నిమ్మసోడా బండి పెట్టుకున్న ఒకావిడ నన్ను చూసి, "అగో, పిలగాడు పడేటట్టున్నడు! ఇట్ల రా బిడ్డా, నీడకు కూసో" అని చెయ్యి పట్టుకుని చింతచెట్టు కింద కూర్చోబెట్టింది. ఉప్పేసిన సోడా రెండు గ్లాసులు తాగించి ఊరు పేరూ అడిగింది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టి చూపించాను.

"అయ్యో, మూగోడా! గింత మంచి మొకమిచ్చి నోరియ్యలేదేందిరా దేవుడు."

నా మొహం గురించి అంత గొప్ప మాట అంతకుముందు ఎవరూ అనలేదు. కృతజ్ఞత చెప్పుకునే వీలు కూడా లేకపోయింది.

అంతలో ఒక ఆటో వచ్చి ఆగింది. "చిల్కూరా? కూసో అన్నా, నలభై ఇయ్యి" అన్నాడు డ్రైవరు. నేను ఊరుకున్నాను. "సరే, ముప్పై." ఊరుకున్నాను. "ఇరవై! గింతకన్న తక్కువంటే నేనే ఆటో నూకుకుంట పోవాలె. ఏం మనిషివన్నా, నోరిప్పకుండనే బేరమాడుతున్నవ్!" ఇరవై నా జేబులో ఉంది. ఇంకా సగం దారి ఉంది. ఎక్కితే చూసేవాడెవడూ లేడు. లేవబోయాను కూడా.

అప్పుడు మొన్న బుధవారం సంగతి మనసులో మెదిలింది. పొయ్యి మీంచి దించుతుంటే పప్పు గిన్నె జారి అమ్మ ముంజేతికి అంటుకుంది. చర్మం ఎర్రగా కమిలిపోయింది. అమ్మ కళ్ళు మూసుకుంది, పెదాలు బిగించింది, గోడకి ఆనుకుంది. 'అబ్బా' అనలేదు. ఎన్నో సినిమాల్లో లేని బాధకి గుండెలు పగిలేలా ఏడ్చిన మనిషి ఉన్న బాధని శబ్దం లేకుండా మింగింది. నేను మళ్ళీ చెట్టు కింద కూర్చున్నాను. డ్రైవరు నన్ను నానా మాటలూ అని వెళ్ళిపోయాడు.

సోడా ఆవిడ, "పొద్దు వంగినంక పో బిడ్డా. గా గొడుగు గీడ పెట్టు, గాలొస్తే అది నిన్ను లేపుకపోతది" అంది. మూడు దాటేదాకా అక్కడే పడుకున్నాను. అప్పటికి పడమట నల్లగా కమ్ముకుంది. (గొడుగు ఆమె బండికి నీడగా ఉండిపోయింది. మర్నాడు సూరన్న స్కూటరు మీద వెళ్ళి తెచ్చుకున్నాడు.) కిలోమీటరు నడిచానో లేదో వాన దిగింది. తొలకరి వానలో ఆ రోడ్డు ఎంత బాగుంటుందో చెప్పడానికి నాకున్న డిగ్రీ చాలదు. ఎర్రమట్టి పొగలు కక్కింది. పొలాల గట్ల మీద నెమళ్ళు అరిచాయి. పట్టా తలమీంచి కప్పుకుని, బొబ్బ మంట చల్లారుతుంటే, వానని తిట్టుకోకుండా నడిచిన మొదటి రోజు అది.

గుడి మూసే వేళకి ముందే చేరాను. పదకొండు ప్రదక్షిణలు కుంటుతూ పూర్తి చేసి, స్వామి ముందు నిలబడి, ఇక మాట్లాడొచ్చు కదా అని నోరు తెరిచాను. 'గోవిందా' అందామనుకున్నాను. గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి కప్ప అరుపు లాంటిదేదో వచ్చింది. పక్కనున్న పెద్దాయన ఉలిక్కిపడి చూశాడు. ఒక్క రోజుకే నా గొంతు ఇలా అయితే, రెండు వారాలు, అదీ కత్తి పడిన గొంతు! చెప్పాలనుకున్న పెద్ద ప్రార్థన అంతా మర్చిపోయి, "రేపు" అని మాత్రం అనగలిగాను.

మెహదీపట్నం దాకా బస్సుకి ఐదు రూపాయలు, అక్కడి నుంచి ఇంకో బస్సు. ఇంటికొచ్చేసరికి బాగా రాత్రయింది. అమ్మ గేటు దగ్గర కొంగు నెత్తిన కప్పుకుని తడుస్తూ నిలబడి ఉంది. మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉందని యాదమ్మగారు చెప్పింది. దారిన పోయేవాళ్ళని ఆపి 'మా వాణ్ణి చూశారా' అని అడగడానికి ఆవిడకి మాట లేదు. నన్ను చూసి వీపు మీద ఒకటేసి, లోపలికి తోసింది.

సోమవారం డాక్టరుగారు గొంతులోకి అద్దం పెట్టి చూశారు. చూసి, కుర్చీలో వెనక్కి వాలి, "ఇప్పుడు మాట్లాడండమ్మా. ఏదైనా సరే, మెల్లిగా" అన్నారు. అమ్మ నా వైపు చూసింది. ఆవిడ గొంతు సవరించుకోబోయి, వద్దన్నట్టు ఆగి, నెమ్మదిగా అంది: "వీడి కాళ్ళు బొబ్బలెక్కాయండీ. ముందు వీణ్ణి చూడండి."

గొంతు మునుపటిలా లేదు. కాస్త కిందకి దిగింది, అంచుల్లో గరుకు తేలింది. పగలబడి ఏడవడం ఇక కుదరకపోవచ్చన్నారు డాక్టరు. కానీ మాటకి మాట స్పష్టంగా ఉంది. పది రోజుల తర్వాత ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ ఇంచార్జి ఆ గొంతు విని, ఏడ్చే తల్లికి కాకుండా, ఇంటిల్లిపాదినీ గడగడలాడించే జమీందారిణికి పెట్టాడు. ఈ పాత్రకి అమ్మ రిహార్సల్ చెయ్యాల్సిన అవసరం ఎంతమాత్రం లేదని నేను ప్రమాణపూర్వకంగా చెప్పగలను.

నడిస్తే మొక్కు ఫలించిందా, కత్తి పనితనమా అని నన్నడక్కండి, దేవుడికీ డాక్టరుకీ మధ్య తగవు పెట్టేంత పెద్దవాణ్ణి కాదు. నాకు తెలిసిందల్లా మాట్లాడకపోవడం ఎంత పనో. ఆ పనిని మా అమ్మ రెండు వారాలు, ఒక్క ఫిర్యాదు లేకుండా, వంట చేసుకుంటూ చేసింది. నేను ఒక్క పగలు చేసి యాత్రికుణ్ణని చెప్పుకుంటున్నాను. జూన్‌లో నడిచేవాళ్ళు తెల్లవారుజామున నాలుగింటికే కదలండి, పదకొండింటికి చెట్టు చూసుకోండి, మూడు దాటాక లేవండి, మబ్బు పట్టిన రోజు దొరికితే అదృష్టమనుకోండి. ఇవన్నీ మర్చిపోయినా ఒక్కటి గుర్తుంచుకోండి: దారిలో ఏ ఫోను బూత్ కనిపించినా రూపాయి బిళ్ళ వేసి ఇంటికి కబురు చెప్పండి, మౌనవ్రతమైతే బూత్ అతని చేత చెప్పించండి, ఎందుకంటే ఇంట్లో నిలబడి ఎదురుచూడటం పాతిక కిలోమీటర్ల కన్నా దూరం.