అక్క మరిచిపోయిన మాట

నా చిన్నప్పుడు మా వీధి మొత్తంలో తెలుగు తక్కువ తెలిసిన మనిషి మా పక్కింటి అక్క. తెలుగు తక్కువ మాట్లాడే మనిషిని నేను. ఆమెది జపాను. ఆమె భర్తకు సూళ్లూరుపేట దగ్గరి ఫ్యాక్టరీలో ఉద్యోగం. మా నాయన కూడా అక్కడే పనిచేసేవాడు. పుత్తూరు నుంచి మేము, అంత దూరం నుంచి వాళ్ళు, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇళ్ళలో అద్దెకు దిగాం.

అక్క తెలుగును పుస్తకంతో మొదలుపెట్టి మా అవ్వ దగ్గర నేర్చుకుంటూ వచ్చింది. అందుకే ఆమె మాట సగం పాఠంలా, సగం పుత్తూరులా ఉండేది. "అవ్వా, దయచేసి చెప్పండి, కరేపాకు యాడుండాది?" అని అడిగేది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది, కరేపాకు తీసుకునే పోయేది. నాకేమో పుట్టినప్పటి నుంచీ వచ్చిన భాషే గొంతులో అడ్డం పడేది. ఇంటికి ఎవరైనా వస్తే పుస్తకం పట్టుకుని వంటింటి తలుపు వెనక నిలబడేదాన్ని. పలకరిస్తే తల ఊపేదాన్ని. వాళ్ళు వెళ్ళిపోయాక, చెప్పాల్సిన జవాబులన్నీ డైరీలో రాసుకునేదాన్ని.

ఒక దసరాకు అమ్మ గోడ మీంచే ఆమెను మా ఇంటి బొమ్మల కొలువుకు పిలిచింది. మెట్ల మీద వరసగా ఉన్న బొమ్మలను చూసి అక్క చాలాసేపు కదల్లేదు. వాళ్ళ దేశంలోనూ ఆడపిల్లలున్న ఇంట్లో ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద రాజునూ రాణినీ కూర్చోబెడతారట. వాళ్ళమ్మ ఇచ్చిన జంట ఇంకా పెట్టెలోనే ఉందట. మర్నాడే ఆ జంట బయటికి వచ్చింది. అక్క పిలుపు మాటలు అమ్మ దగ్గర నేర్చుకుంది, నా ముందు పదే పదే అప్పజెప్పింది. ఒక్క తప్పు లేదు. తరువాత ప్రతి ఇంటి గేటు బయటా నిలబడి, నడుము వంచి, పిలిచి వచ్చింది. అందరూ "అట్నే వస్తాంలేమ్మా" అన్నారు.

ఆ సాయంత్రానికి అమ్మ ఊళ్ళో లేదు. అవ్వ చెయ్యి బెణికితే కట్టు కట్టించడానికి పుత్తూరుకు తీసుకుపోయింది. నేనొక్కదాన్నే వెళ్ళాను. చాపలు పరిచి ఉన్నాయి. పెద్ద గిన్నె నిండా శనగ గుగ్గిళ్ళు. వీధిలో ఆటో చప్పుడైనప్పుడల్లా అక్క లేచి చీర సర్దుకునేది. దీపం పెట్టే వేళ దాటినా ఎవరూ రాలేదు. చివరికి ఆమె నా పక్కన కూర్చుని, "నా తెలుగు బాగా లేదా?" అని అడిగింది. బాగుందని నాకు తెలుసు. ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు రాక తల అడ్డంగా ఊపాను. ఊపిన తలను ఆమె ఎట్లా అర్థం చేసుకుందోనని ఇంటికి వచ్చి ఏడ్చాను.

చేతికి కట్టుతో అప్పుడే ఇల్లు చేరిన అవ్వ అంతా విని ఒకటే అడిగింది. "బొట్టు పెట్టి పిలిచిందా?"

లేదన్నాను.

"మరి యెవురు పోతారమ్మే? గేటు కాడ నిలబడి చెప్తే మాట వరసకు చెప్పినట్టే గదా!" అని, అమ్మ వైపు తిరిగింది. "నువ్వు గోడ మీంచి పిలిస్తివి. ఆ బిడ్డ అదే పద్ధతి అనుకునింది."

మర్నాడు పొద్దున అవ్వ కుంకుమ భరిణె పళ్ళెంలో పెట్టి నా చేతికిచ్చింది. "నా చెయ్యి సూస్తివి గదా. నువ్వే తోడు పో."

మొదట మేడింటి పెద్దమ్మ దగ్గరికి పోయాం. ఆమె గొంతంటే వీధిలో కుక్కలకు కూడా భయం. అక్క ఈసారి గడప దాటి లోపలికి వెళ్ళి, వంగి బొట్టు పెట్టింది. "పెద్దమ్మా, ఈ సాయంత్రం మా ఇంటికి..." అని ఆగిపోయింది. తరువాతి మాట గుర్తు రానట్టు నా వంక చూసింది. పెద్దమ్మ కూడా చూసింది. ఇంకొక్క క్షణం ఆగితే అక్క పండగ మళ్ళీ ఖాళీ చాపల పండగే.

"కొలువుకు రండి పెద్దమ్మా! గుగ్గిళ్ళుండాయి!" అని అరిచినట్టే అన్నాను.

"ఓసినీ! నీకు నోరుండాదా? ఇన్నాళ్ళూ మూగపిల్లవనుకుంటి గదే!" అని పెద్దమ్మ పడీ పడీ నవ్వింది. "వస్తాంలే పో. గుగ్గిళ్ళలో ఉప్పు సరిగ్గా వేయమని చెప్పు."

రెండో ఇంట్లోనూ అక్క అక్కడే ఆగింది. ఆ తరువాత ఇళ్ళలో ఆమె ఆగకముందే నేను అందుకున్నాను. వీధి చివరికి వచ్చేసరికి పళ్ళెం ఆమె చేతిలో ఉంది, పిలుపు నా నోట్లో ఉంది.

ఆఖరున మా ఇంటికే వచ్చాం. అక్క అవ్వకు బొట్టు పెట్టి, "అవ్వా, ఈ సాయంత్రం మా ఇంటికి కొలువుకు రండి. చెయ్యి నొప్పిగా ఉంటే నేను పట్టుకోని తీసుకుపోతా" అంది. ఎక్కడా ఆగలేదు, తడుముకోలేదు. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె పళ్ళెంలోకి చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం చాపలు చాలలేదు. రాణి నుదుటన బొట్టు లేదేమని పెద్దమ్మ కోప్పడి, తనే పెట్టింది. పాట పాడమంటే అక్క వాళ్ళ భాషలో పాడింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అవ్వ తల ఊపుతూ తాళం వేసింది.

ఇప్పుడు నేను జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాను. ఇక్కడి భాష నెమ్మదిగా వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది. శనివారాలు మా భవనంలోని వాళ్ళం కింది ఇంట్లో కాఫీకి కలుస్తాం. మొదటిసారి ఆ తలుపు ముందు నిలబడ్డప్పుడు నా చేతిలో గుగ్గిళ్ళ గిన్నె, గొంతులో ఆ పాత అడ్డం ఉన్నాయి. గిన్నెను కుంకుమ పళ్ళెంలా పట్టుకుని గడప దాటాను. మాటల్లో తప్పులు చాలానే దొర్లాయి. గిన్నె మాత్రం ఖాళీగానే ఇంటికి వచ్చింది.

ఈ మధ్య పై అంతస్తులోకి ఒక అమ్మాయి కొత్తగా వచ్చింది. ఆమెదీ ఇక్కడి భాష కాదు. కాఫీకి వస్తుంది, మూలన కూర్చుంటుంది, ఎవరైనా పలకరిస్తే తల ఊపుతుంది. పోయిన శనివారం ఆమె పక్కకు చేరి, నాకు బాగా వచ్చిన వాక్యమే ఒకటి మొదలుపెట్టి, సగంలో ఆగి, ఆమె వంక చూశాను. తరువాత ఆమె, వినీ వినబడకుండా, ఆ మాట అందించింది.

నేను నా కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.