మేస్త్రి గారి సాగదీసిన ‘ఆయ్’

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు తగ్గిందా అంటే, కొంచెం కిందకి దిగి మీసాల్లో కూర్చుంది, అంతే. కర్ణాటకలో నాలుగేళ్ళు మెకానికల్ ఇంజనీరింగ్ చదివి (చదివానో, ఇడ్లీలు తిని వచ్చానో మా నాన్న చివరిదాకా తేల్చుకోలేకపోయాడు) అప్పుడే ఇంటికొచ్చి పడ్డవాణ్ణి. ఎవరేం మాట్లాడినా “యస్సా, నోనా? ఒక్క ముక్కలో చెప్పండి” అనేవాణ్ణి. మా గోదావరి జిల్లాల్లో ఒక్క ముక్కలో ఎవరు చెప్తారండీ! కాఫీ తాగుతారా అని అడిగితే “ఎందుకండి, మీకు శ్రమ” అంటారు. అంటే తాగుతామని. ఆ మాత్రం నాకు తెలీదా? పుట్టిందీ పెరిగిందీ రామచంద్రపురంలోనే. కాకపోతే డిగ్రీ చేతికొచ్చిన దగ్గర్నుంచీ అంతకుముందు తెలిసినవన్నీ ఒక్కొక్కటే మర్చిపోతూ వచ్చాను.

భీమవరంలో మా మావయ్య ఉండేవాడు, అమ్మకి సొంత తమ్ముడు. రొయ్యల మేత వ్యాపారం. చెరువులు బాగున్న రోజులు కాబట్టి ఊళ్ళో కొందరు ఏసీలు కొన్నారు, కొందరు బొచ్చు కుక్కల్ని కొన్నారు, మావయ్య మాత్రం మద్రాసు వెళ్ళి ఒక ముసలి రేసు కారుని తెచ్చుకున్నాడు. ఎర్రది, పరదేశపుది, రెండే తలుపులు, నేలకి జానెడెత్తు. అందులో కూర్చుంటే కూర్చున్నట్టుండదు, పడుకున్నట్టుంటుంది. “ఇదేంట్రా తమ్ముడూ, దీన్లోంచి లేవాలంటే ఎవరైనా చెయ్యందివ్వాలా?” అంది మా అమ్మ మొదటిసారి చూసి. మావయ్యకి ఆ కారుతో ఉన్నది ఒకే ఒక్క కోరిక. చిన్నప్పుడే తల్లి పోతే ఆయన్ని ఎత్తుకుని పెంచింది మా అమ్మే. ఆ అక్కని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, కొవ్వూరులో బ్రిడ్జి ఎక్కి, తనే నడుపుతూ గోదావరి దాటించి రాజమండ్రిలో దింపాలి. ఇవాళ రేపు అంటూ ఏడాది గడిపేశాడు. ఈలోగా కంటి డాక్టరు గారు, కళ్ళలో ప్రెషరు పెరిగి పక్కచూపు తగ్గిపోతోందనీ, ఈ వేసవి దాటాక స్టీరింగ్ ముట్టుకోవద్దనీ చెప్పేశారు. మావయ్య ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి “అక్కా, వచ్చే ఆదివారం సిద్ధంగా ఉండు” అన్నాడు. సరిగ్గా ఆ సోమవారమే కారు టక టక టకమని లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు మొదలెట్టింది.

“ఒరేయ్ అల్లుడూ, నువ్వు ఇంజనీరువి కదా, వచ్చి చూడరా” అని కబురు. నేను ఆ పూటే బస్సెక్కాను. నా జీవితంలో నన్ను ఇంజనీరువి అని పిలిచిన మొదటి మనిషి మావయ్య. ఆ మాటకి బస్సులో సీటు దొరక్కపోయినా భీమవరం దాకా నా కాళ్ళు నేల మీద లేవు.

కారు ఊళ్ళో ఒక మేస్త్రి షెడ్డులో ఉంది. ఆయన చెరువుల మీద తిరిగే డీజిలు ఇంజన్లు బాగుచేసే మనిషి. అందరూ చెవి మేస్త్రి అనేవాళ్ళు. ఎందుకంటే మూరెడు స్క్రూడ్రైవరు ఇంజన్ మీద ఆనించి, దాని పిడి చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. నేను వెళ్ళేసరికి అదే పనిలో ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు లావుపాటి పుస్తకాలు మోసింది ఈ స్క్రూడ్రైవరు వైద్యం చూడ్డానికా! “లేవయ్యా మేస్త్రీ” అని పక్కకి జరిపి, ఒక్క నిమిషం విని, తీర్పు చెప్పేశాను. “లోపల బేరింగ్ పోయింది. పిస్టన్ రాడ్డు వదులై కొట్టుకుంటోంది. ఇంజన్ విప్పాల్సిందే. అవునా, కాదా?”

మేస్త్రి చేతులు గుడ్డకి తుడుచుకుని “ఆ...య్” అన్నాడు.

మా వైపు ‘ఆయ్’ అంటే అవునండి, చిత్తమండి, అలాగేనండి, అన్నీ అదే. సరే, ఒప్పుకున్నాడు కదా అనుకున్నాను. అయినా పుస్తకం ప్రకారం పరీక్ష చెయ్యాలి కాబట్టి, ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటీ పీకాను. ఏ వైరు పీకితే చప్పుడు తగ్గుతుందో ఆ సిలిండర్లో బేరింగ్ పోయినట్టు లెక్క. నాలుగూ పీకినా చప్పుడు పిసరంత తగ్గలేదు. బుద్ధున్నవాడైతే ఏమనుకోవాలి? ‘ఇది బేరింగ్ కాదేమో’ అనుకోవాలి. నేనేమన్నానో తెలుసా? “చూశావా, నాలుగు బేరింగులూ ఒకేసారి పోయాయి!” (ఈ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ తలుపేసుకుని నా నెత్తిన నేనే మొట్టుకుంటాను.) “బాబుగారూ, పోనీ ఆయిలు దింపి గుడ్డలో వడకడదామాండి? బేరింగ్ పోతే మెరిసే రజను తేలుద్ది కదండి” అన్నాడు మేస్త్రి. దింపాం. తెల్ల పంచె ముక్కలో వడకట్టాం. మెరుపన్నది లేదు. “రజనంతా అడుగున దాక్కుంది. ఏవంటావ్?” అన్నాను. “ఆ...య్” అన్నాడు మేస్త్రి, ఇంకాస్త సాగదీసి.

మావయ్య పక్కనే స్టూలు మీద కూర్చుని నా మొహమూ, మేస్త్రి మొహమూ మార్చి మార్చి చూశాడు. “ఆదివారానికి అవుద్దంటావా?” అని నన్నడిగాడు. మేస్త్రిని అడగలేదు, నన్నడిగాడు. “పూచీ నాది మావయ్యా” అన్నాను.

మంగళవారం విప్పడం మొదలెట్టాం. ఇంజన్ ముందు భాగంలో, ఫ్యాను బెల్టు తిరిగే పుల్లీ ఉంటుంది. మేస్త్రి దాని బోల్టు మీద స్పానర్ పెట్టబోయి, ఆగి, చేత్తో తిప్పాడు. వచ్చేసింది. అరచేతిలో పెట్టుకుని తెచ్చి నాకు చూపించాడు. “బాబుగారూ, ఇది చేత్తోనే వచ్చేసిందండి.” నేను పుస్తకంలోంచి తలెత్తకుండా “మంచిదే కదా, పని తేలికైంది. కానివ్వు” అన్నాను. ఆయన “ఆ...య్” అని, ఆ బోల్టుని జాగ్రత్తగా కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. బోల్టుని జేబులో వేసుకోవడమేంటి, చాదస్తం కాకపోతే, అని విసుక్కున్నాను కూడా.

ఆ పైన నేను చేసినవి వినండి. ఇంజన్ పైమూత, దాన్నే హెడ్ అంటారు, అతుక్కుపోయి రాలేదు. మేస్త్రి “మెల్లిగా రెండ్రోజులు నూనె పోసి ఉంచుదామండి” అంటే, “ఆదివారం నీ కోసం ఆగుద్దా!” అని అరిచి సుత్తి తీసుకుని నేనే బాదాను. మూత వచ్చింది. దాంతోపాటు ఒక బోల్టు సగానికి విరిగింది, లీకు కాకుండా మధ్యలో ఉండే గాస్కెట్ చిరుగులు చిరుగులైంది. ఆ గాస్కెట్ కోసం మద్రాసుకీ బెంగళూరుకీ ఫోన్లు చేస్తే, అలాంటి కారు ఇంకా భూమ్మీద ఉందా అని అటువైపు వాళ్ళు ఆశ్చర్యపోయారు. సరే, బేరింగులు పాడైనవి కళ్ళారా చూస్తే నా మనసు కుదుటపడుతుంది కదా అని కిందదాకా విప్పించాను. శనివారం మధ్యాహ్నానికి నాలుగు బేరింగులూ టార్పాలిన్ మీదకొచ్చాయి. ఒక్క గీత లేదు. మొహం చూసుకోవచ్చు. చూసుకున్నాను, నా మొహం ఎంత దరిద్రంగా ఉందో బాగా కనిపించింది.

సరిగ్గా అప్పుడే అమ్మ, కొత్త వెంకటగిరి చీర కట్టుకుని, మర్నాటి ప్రయాణానికి ఒకరోజు ముందే దిగి, తమ్ముడి కారు చూద్దామని తిన్నగా షెడ్డుకొచ్చింది. కారు కనబడింది. ఇంజన్ వంద ముక్కలుగా నేల మీద కనబడింది.

“మరి చప్పుడెక్కణ్ణుంచయ్యా వచ్చింది?” అని నేను గొంతు చించుకున్నాను. మేస్త్రి జేబులోంచి కాగితం తీసి, విప్పి, ఆ బోల్టుని నా చేతిలో పెట్టాడు. “ఇది వదులై పుల్లీ కొట్టుకుందండి. బిగిస్తే పోయేదండి.”

“మొదటిరోజే తెలుసా నీకు?”

“ఆయ్.”

“తెలిసి నోరు మూసుకు కూచున్నావా! మావయ్య కారు ముక్కలైపోతుంటే చూస్తూ ఊరుకున్నావా! కాదని చెప్పి చావచ్చు కదా!”

“చెప్పానండి. ఒకటికి మూడుసార్లు చెప్పానండి” అన్నాడాయన, నిజంగా నొచ్చుకుని. “మీరడిగినప్పుడల్లా ఆ...య్ అన్నాను కదండి.”

నేను స్పానర్ విసిరికొట్టాను. అది రేకుకి తగిలి పెద్ద చప్పుడైంది. అంతకన్నా పెద్ద చప్పుడు మా అమ్మ చేసింది. “ఒరేయ్ అప్రాచ్యుడా! పొట్టిగా ఆయ్ అంటే అవునని. సాగదీసి ఆ...య్ అంటే కాదు బాబూ, వద్దు బాబూ అని! చదువుకున్నవాడివి, మొహం మీద కాదంటే నీకు చిన్నతనంగా ఉంటుందని పెద్దాయన మర్యాదగా చెప్పాడురా. పాలు తాగే వయసులో తెలిసిన ముక్క నాలుగేళ్ళ చదువుకి పోయిందా? ఏం చదివావురా అక్కడ, గాడిద చదువు!” అన్నాళ్ళూ ఊరందరి మీదా ఉన్న నా కోపానికి, ఆ క్షణాన నిలబడ్డానికి ఎక్కడా చోటు లేకపోయింది. ఎటు తిరిగి చూసినా నేనే కనబడుతున్నాను. మావయ్య మాత్రం స్టూలు మీంచి లేచి, వచ్చి, టార్పాలిన్ మీద ముక్కల్ని తొక్కకుండా తలంతా పక్కకి తిప్పి చూసుకుంటూ నడిచి వెళ్ళాడు. ఆయనకి పక్కచూపు ఎంత తగ్గిపోయిందో నాకు అప్పుడు తెలిసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వేసవి దాటిపోయింది. నేను భీమవరం వదల్లేదు. మేస్త్రి గారు (అప్పట్నుంచీ గారే) ఇత్తడి సామాన్ల కొట్టులోంచి రాగి రేకు తెచ్చి, నిప్పుల మీద మెత్తబరిచి, పాత గాస్కెట్ చిరుగులు పక్కన పెట్టుకుని చేత్తో కత్తిరించారు. మూడు రేకులు పాడయ్యాయి. నేను ఆయన పక్కన కూర్చుని, మాట్లాడకుండా, ఏ ‘ఆయ్’ ఎంత పొడుగుందో విన్నాను. దీపావళి వెళ్ళాక ఒక ఉదయం ఇంజన్ స్టార్టయింది. అంతకుముందు ఆ పుల్లీ బోల్టు నేనే బిగించాను. “చాలాండి?” అని అడిగాను. “ఆయ్” అన్నారు, పొట్టిగా.

ఆ ఆదివారం కొవ్వూరు దాకా నేనే నడిపాను. పక్కన మావయ్య, వెనకాల ఇరుక్కుని అదే వెంకటగిరి చీరలో అమ్మ. బ్రిడ్జి ఎక్కే ముందు పక్కకి ఆపాను. సిగ్గులేని ఆశ ఒకటి ఉంటుంది కదండీ. “మావయ్యా, పొద్దున్నే కదా, ఎవరూ లేరు. ఈ బ్రిడ్జి ఒక్కటీ నువ్వు నడుపు, మెల్లిగా. నేను పక్కనుంటాను. ఏవంటావ్?” అన్నాను. మావయ్య చెయ్యి చాపి స్టీరింగ్ చక్రాన్ని ఒకసారి చుట్టూ తడిమాడు. నా వైపు తిరిగి నవ్వాడు.

“ఆ...య్” అన్నాడు.

ఈసారి అర్థమైంది. గేరు వేసి బ్రిడ్జి ఎక్కించాను. మధ్యకొచ్చాక ఆయన కళ్ళు మూసుకుని, చెవి మేస్త్రి గారిలాగే తల కొంచెం వంచి విని, “చప్పుడు లేదురా” అన్నాడు. వెనకాల్నుంచి అమ్మ “నోరు మూసుకుని రోడ్డు చూసి నడుపు” అంది. నేనసలు ఏమీ అనలేదు, ముక్కు చీదానంతే.

ఇప్పుడు నాకు జుట్టు నెరిసింది. అప్పుడప్పుడు ఆ ఇరవై రెండేళ్ళ ఇంజనీరు ఎదురుపడితే రెండు చెంపలూ వాయించాలనిపిస్తుంది. వాడికి నేనంటే లెక్కుండదని తెలుసు. నడుం మీద చేతులు పెట్టుకుని, “ఇంజన్ విప్పాల్సిందే. యస్సా, నోనా? ఒక్క ముక్కలో చెప్పండి” అంటాడు. నేను ఒక్క ముక్కలోనే చెప్తాను. వెధవ, వాడికి అర్థం కాదు.