జనరేటర్ గదిలో హన్మయ్య

హన్మయ్య చదివింది ఊరి బడిలో ఏడో తరగతి దాకానే. అయితేనేం, నాచారంలోని ఆ మందుల ఫ్యాక్టరీలో లేబుల్ సెక్షనుకు పెద్దదిక్కు ఆయనే. సీసపు అక్షరాలు పేర్చి అచ్చేసిన రోజుల నుంచి కంప్యూటర్లు వచ్చేదాకా ఆ సెక్షను ఒక్క పూటైనా మూతపడలేదు. బొంబాయి మెకానిక్ చేతులెత్తేసిన మిషను చక్రానికి మేడిపల్లి కమ్మరి చేత పళ్లు కొట్టించి నడిపించాడు. వానకు గోదాములోకి నీళ్లొస్తే కాగితం కట్టలు నెత్తిన మోశాడు. కొత్తవాళ్లు ఎవరొచ్చినా ఇవన్నీ వరసబెట్టి వినాల్సిందే. చేసినవాడు చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు?

తొంభై ఏడు ఎండాకాలంలో ఆ సెక్షనుకే ఎసరొచ్చింది. రెండు కంప్యూటర్లనూ ప్రింటరునూ కలిపే చిన్న పెట్టె ఒకటి ఉండేది. రెండింటి నుంచీ ఒకేసారి పని వస్తే అది తికమక పడి, దగ్గుమందు లేబుల్ మీద జ్వరం బిళ్లల బ్యాచ్ నంబరు కొట్టసాగింది. క్వాలిటీ ఆఫీసరు జనార్ధనరావు ఆ లేబుల్ చేత్తో పట్టుకుని వచ్చాడు. మందుల దగ్గర ఇలాంటివి చెల్లవన్నాడు. సాయంత్రానికి బాగుపడకపోతే రేపటి నుంచి లేబుళ్లు అంబర్‌పేట ప్రెస్సుకు పోతాయనీ, హన్మయ్య ప్యాకింగులో కూర్చోవాలనీ తేల్చి చెప్పాడు.

పెట్టె అమ్మిన కంపెనీ అరుణకుమారి అనే ఇంజనీరును పంపింది. తప్పు పెట్టె లోపలి ప్రోగ్రాములో ఉందనీ, ఫ్లాపీలో తెచ్చిన కొత్త ప్రోగ్రాము, అంటే ఫర్మ్‌వేర్, ఎక్కిస్తే సరిపోతుందనీ ఆమె చెప్పింది. ఒకటే షరతు: ఎక్కుతుండగా కరెంటు పోకూడదు.

నాచారంలో, అదీ ఎండాకాలంలో, ఆ పూచీ ఎవరిస్తారు? హన్మయ్యే ఉపాయం చెప్పాడు. పోయేదాకా ఎందుకు, ముందే జనరేటర్ మీదికి మార్చుకుని మొదలుపెడదామన్నాడు. జనరేటర్ నడిపించి, కరెంటు మార్చే హ్యాండిల్ తానే తిప్పి వచ్చాడు. జనరేటర్ ఆపరేటర్ బుచ్చిరాములు అప్పుడు చాయ్‌కి పోయి ఉన్నాడు.

ప్రోగ్రాము సగం ఎక్కిందో లేదో, గది మొత్తం చీకటైంది.

జరిగింది ఇది. జనరేటర్ గది గుమ్మం మీద ఒక ఎర్రబల్బు ఉంటుంది. బయటి కరెంటు ఉంటే అది వెలుగుతుంది. బల్బు వెలిగితే జనరేటర్ బంద్ చేయాలన్నది ఆ ఫ్యాక్టరీ పద్ధతి. చాయ్ తాగి వచ్చిన బుచ్చిరాములు బల్బు చూశాడు, తిరుగుతున్న జనరేటర్ చూశాడు, గబగబా హ్యాండిల్ బయటి కరెంటు వైపు తిప్పి దాన్ని ఆపేశాడు.

"డీజిల్ మిగిల్చిన గదన్నా! బల్బు ఎలిగితే బంద్ జెయ్యమని నేర్పింది నువ్వే గద," అన్నాడు పైకొచ్చి, మెప్పు కోసం చూస్తున్నట్టు.

"నేర్పిన. మంచిగనే నేర్పిన," అన్నాడు హన్మయ్య. "గీ ఒక్కనాడు మర్చిపో."

పెట్టె మీది దీపం మళ్లీ వెలగలేదు. జనార్ధనరావు వచ్చి చూసి, అంబర్‌పేటకు ఫోన్ చేయమంటారా అని అడిగాడు. సాయంత్రం దాకా గడువిచ్చిన్రు, ఇంకా పొద్దుంది సార్ అని మాత్రం అన్నాడు హన్మయ్య. తరవాత అరుణకుమారి వైపు తిరిగాడు.

"సచ్చిందా బిడ్డా, పాణముందా?"

"కొంచెం ఉందండీ. ఎంత పోయినా చెరగని భాగం ఒకటి లోపల ఉంటుంది. దాన్ని లేపి, వైరుతో నేరుగా ఎక్కించాలి. కానీ మెల్లగా ఎక్కుతుంది. మళ్లీ మధ్యలో ఆగితే ఇవాళ్టికి ఇంకో ప్రయత్నానికి టైముండదు."

"నువ్వు పైన సూసుకో. కింద నేను సూసుకుంట."

మళ్లీ జనరేటర్ పెట్టించాడు. ఈసారి హ్యాండిల్ పక్కనే స్టూలు వేసుకుని, దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. డీజిల్ పొగకు కళ్లు మండుతున్నాయి. మోతకు చెవులు గింగురుమంటున్నాయి. ఎదురుగా బల్బు వెలుగుతూనే ఉంది. బుచ్చిరాములు చూపు మాటిమాటికీ దాని మీదికే పోతోంది.

"అన్నా, నా చెయ్యి గుంజుతున్నదే."

"గుంజితే జేబుల వెట్టుకో."

కాసేపటికి బల్బు టప్పున ఆరిపోయింది. బయట కరెంటు పోయింది. బుచ్చిరాములు నోరు తెరిచి హన్మయ్య వైపు చూశాడు. హన్మయ్య మీసం దువ్వుకున్నాడు, రెండో చేత్తో. తరవాత, పైకి పోయి ప్రోగ్రాము ఎక్కాక రెండు కంప్యూటర్ల లేబుళ్లూ ఎట్లా పడతాయో చూసి రమ్మని వాణ్ని పంపించాడు. సెక్షనులో కొత్తది ఏది వచ్చినా మొదటి కాగితం తన చేత్తో అందుకోవడం ఆయనకు రివాజు. ఆ రోజు మాత్రం కదల్లేదు.

మెట్ల మీంచి దిగింది బుచ్చిరాములు కాదు, జనార్ధనరావు. చేతిలో రెండు లేబుళ్లు ఉన్నాయి. దగ్గుమందుకు దగ్గుమందు నంబరు, జ్వరం బిళ్లలకు వాటి నంబరు. రెండు కంప్యూటర్ల నుంచీ ఒకేసారి కొట్టించి, తానే సరిచూసుకున్నానన్నాడు.

"రేపటి పని ఇక్కడే వెయ్యండి హన్మయ్యా."

హన్మయ్య చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది.

"అయిపోయిందని ఆ బిడ్డ జెప్పిందా సార్?"

"చెప్పింది."

అప్పుడు చెయ్యి తీశాడు. తిమ్మిరెక్కిన వేళ్లు విదిలించుకుంటూ, పొద్దున్నే ఏ బ్యాచ్‌తో మొదలుపెట్టాలో అడిగాడు.