టమాటా బండి మీద అంబులెన్సు లైటు

నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. రోజూ డైరీ రాసే అలవాటున్నా అందులో కూడా రాయలేదు. మా నాయన పికప్ బండి మీద ఎరుపూ నీలం లైటు తిరిగినన్ని రోజులూ ఆ బండిలో కూర్చోవడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. పక్కన అమ్మ ఊపిరి చాలక కిటికీ వైపు ముఖం తిప్పుకుని ఉండేది. మేం వెళుతున్నది ఆమె డయాలసిస్‌కే. అయినా ఇష్టంగానే ఉండేది.

కొట్లో నా తరువాత వచ్చినవాళ్లు నాకంటే ముందు సరుకు కట్టించుకుని పోతారు. బస్సులో సీటు ఖాళీ అయితే నేను అడుగు వేసేలోగా ఇంకొకరు కూర్చుంటారు. "నేను ముందొచ్చాను" అనే చిన్న మాట నా గొంతు దాటదు. అలాంటి నాకు, ఎదురుగా ఉన్న లారీలు తమంతట తామే పక్కకు జరగడం, ఆర్టీసీ డ్రైవరు బస్సును మట్టిలోకి దించి నిలబెట్టడం ఎంత వింతగా ఉండేదో చెప్పలేను. పుస్తకాల్లో తప్ప ఎక్కడా నా కోసం దారి తెరుచుకోలేదు. ఆ దారి అమ్మ జబ్బు వల్ల వచ్చిందని తెలిసీ నేను అద్దంలోంచి చూస్తూ ఉండేదాన్ని.

మాది పుంగనూరుకూ సదుంకూ మధ్య ఒక పల్లె. నాయన టమాటా పండిస్తాడు, పండిన దాన్ని తన పికప్ బండిలోనే మదనపల్లె మార్కెట్‌కు తోలుతాడు. అమ్మకు కిడ్నీలు రెండూ చెడిపోయాక రోజు మార్చి రోజు డయాలసిస్ చేయించాలన్నారు. మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో పొద్దున మొదటి వంతులో ఆమెకు కుర్చీ దొరికింది. కుర్చీ దొరకడమంటే చిన్న విషయం కాదు. కానీ ఆ వంతుకు సమయం ఖాయం. ఆలస్యంగా వెళితే ఆ మేరకు మిషన్ మీద ఉండే సమయం తగ్గిపోతుంది, ఎందుకంటే వెనక వంతువాళ్లు బయట వరండాలో వచ్చి కూర్చునే ఉంటారు. రక్తం సగమే శుభ్రమైన రోజు అమ్మ ఇంటికొచ్చి పడుకోలేక గోడకు దిండు పెట్టుకుని కూర్చునేది.

టమాటా కాలంలో మదనపల్లె రోడ్డు గురించి ఈ పక్కవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఊరు ఇంకా రాకముందే బండ్లు నిలిచిపోతాయి. మా పక్క పికప్‌లు, బి.కొత్తకోట పక్క ట్రాక్టర్లు, సరుకెత్తడానికి వచ్చిన కర్ణాటక లారీలు. వేలం మొదలయ్యేలోగా లోపలికి దూరాలని అందరికీ తొందరే. ఆ వరుసలో అమ్మ పొద్దున పూట నీరసంగా కూర్చుని గడియారం చూసేది.

ఒకరోజు నాయన నన్ను వెంటబెట్టుకుని మదనపల్లెలో బండ్లకు సామాన్లు బిగించే కొట్టుకు వెళ్లాడు. సీటు కవర్లు, హారన్లు, దిష్టి బొమ్మల మధ్య ఆ లైట్లు గాజు బీరువాలో బహిరంగంగానే ఉన్నాయి.

"సైరన్ కూడా ఏసిస్తా, తీసుకోప్పా. రెండూ కలిపి సెట్టుగా వస్తాది" అన్నాడు కొట్టాయన.

"కూత వద్దు" అన్నాడు నాయన. "కూత పెడితే అబద్ధం చెప్పినట్లయితాది. లైటు సాలు."

"లైటు మాత్రం నిజమా?" అని నవ్వాడాయన.

నాయన నవ్వలేదు. "పోలీసోళ్లు పట్టుకోరా?" అని అడిగాడు.

"మొన్న ఒకాయన పెండ్లి కారుకు ఏయించుకోని పోయినాడు. ఆయన్నే అడగలేదు, పేషెంటును ఏసుకోని పోయే నిన్ను అడుగుతారా? పోప్పా!"

మొదటిరోజు ఆ లైటు వేసుకుని వెళ్లినప్పుడు కూడలిలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబులే విజిల్ ఊది అటువైపు బండ్లు ఆపి మమ్మల్ని పంపించాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మంత్రి పెండ్లాం మాదిరి పోతాండాను సూడు" అంది. ఆ రోజు ఆమెకు మిషన్ మీద పూర్తి సమయం దొరికింది.

బండి ఎలాగూ మదనపల్లెకే పోతోంది కాబట్టి వెనక మా టమాటా బాక్సులు కూడా ఎక్కేవి. నాయన ముందు అమ్మను ఆసుపత్రిలో దించేవాడు, ఆ తరువాతే మార్కెట్‌కు తిప్పేవాడు. ఒక్కరోజు కూడా దీన్ని తారుమారు చేయలేదు. కానీ ఆసుపత్రి నుంచి మార్కెట్‌కు పోయేటప్పుడు కూడా లైటు తిరుగుతూనే ఉండేది. ఒకసారి నేను అడిగితే "మర్సిపోయినా పాపా" అన్నాడు. తరువాత కూడా మరిచిపోతూనే ఉన్నాడు.

మా బండి ముందుగా మార్కెట్‌కు చేరుతోందని ఊళ్లో తెలిసిపోయింది. అప్పటినుంచి అమ్మ ఆరోగ్యం గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. సాయంత్రమైతే ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడేవారు.

"ఏమక్కా, రేపు ఆసుపత్రికి పోతాండావా?"

"పోకుంటే నువ్వు ఒప్పుకుంటావా? ఎన్ని బాక్సులుండాయో చెప్పు."

వాళ్లు సిగ్గుపడి నవ్వేవారు, అయినా చెప్పేవారు. వాళ్లు వెళ్లాక అమ్మ నాతో, "నా కిడ్నీలు ఊరందరికీ పనికొస్తాండాయి, నాకు దప్ప" అనేది. ఆమె మాటకు కోపం రాదు, ఏడుపూ రాదు, ఏం చేయాలో తెలియదు. నాయన ఎవరికీ కాదనలేదు. జబ్బు మొదట్లో అమ్మ స్పృహ తప్పి పడిపోయిన రోజున మోసుకుని బండి ఎక్కించింది వాళ్లే మరి.

మనుషులను అడగడానికి మొహమాటపడేవాళ్లకు చదవడం ఒక్కటే దారి. నేను ఫోన్లో వెతికి రవాణా నిబంధనలు చదివాను. అలా రంగులు మారుతూ తిరిగే లైటు ఫైరింజనుకు, పోలీసులకు, అంబులెన్సుకు, అత్యవసర పనికని ప్రభుత్వం గుర్తించిన బండ్లకు మాత్రమే. సొంత బండికి పెట్టుకోవడం నేరం. లోపల రోగి ఉంటే పెట్టుకోవచ్చని ఎక్కడైనా ఒక ముక్క ఉంటుందేమోనని చాలాసేపు వెతికాను. లేదు. చట్టం బండి దేనికని రిజిస్టరైందో చూస్తుంది, లోపల ఎవరు కూర్చున్నారో చూడదు.

నాయన బండి కడుగుతున్నప్పుడు మెల్లగా చెప్పాను. ఆయన పైపు కింద పెట్టి మొత్తం విన్నాడు.

"నువ్వు చెప్పేది నిజమే పాపా" అన్నాడు. "మరి మీయమ్మను ఎట్ల తీసకపోదాం? అదీ రాసిండారా ఆడ?"

ఆయన మళ్లీ పైపు తీసుకున్నాడు.

ఆ తరువాత రెండు మూడు రోజులకే ఒక పొద్దున రోడ్డు ఎన్నడూ లేనంతగా నిలిచిపోయింది. ముందువాళ్లు జరుగుదామన్నా జరగడానికి చోటు లేదు. అమ్మ వంతుకు సమయం దగ్గరపడుతోంది. నాయన కాసేపు చూసి, బండిని కుడివైపుకు తిప్పి, ఎదురుగా వచ్చేవాళ్ల దారిలోకి ఎక్కించాడు. అంబులెన్సు వెనక దారి దొరుకుతుందని దాని తోకపట్టుకుని పోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అలాగే మా వెనక కూడా మోటారు సైకిళ్లు, ఆటోలు, ఇంకో రెండు మూడు టమాటా బండ్లు వచ్చేశాయి.

కొంచెం దూరం పోయాక ఎదురుగా కూత వినిపించింది. నిజమైన అంబులెన్సు. ఊళ్లోంచి బయటికి, పెద్దాసుపత్రికి పోతున్నట్టుంది. దాని లైటూ మా లైటూ ఎదురెదురుగా తిరుగుతూ నిలబడ్డాయి.

అంబులెన్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఏమప్పా, టమాటాలకు ఆయాసమొచ్చిందా? తియ్యి బండి!" అని అరిచాడు.

నాయన వెనక్కి తీద్దామని చూస్తే వెనక మమ్మల్ని నమ్ముకుని వచ్చిన బండ్లు. వాళ్లు ఒక్కొక్కరూ వెనక్కి జరగాలి, ఆ తరువాత మేము. అంబులెన్సు అలాగే కూస్తూ ఉంది. పక్క అద్దానికి లోపలినుంచి ఎవరో అరచెయ్యి ఆనించి ఉన్నారు. గాజులున్న చెయ్యి. పడుకున్న మనిషిది కాదు, తోడుగా కూర్చున్నవాళ్లది. అమ్మ ఆ చేతినే చూస్తూ, "దిగి నడిసి పోతాను, నన్ను దించండి" అంది. దిగినా చేసేదేమీ లేదు. దారి ఇచ్చేసరికి ఎంతసేపైందో నాకు తెలియదు. ఆ అంబులెన్సులో ఎవరున్నారో, వాళ్లకేమైందో ఈరోజుకీ తెలియదు.

దాని వెనకే పోలీసులు వచ్చారు. ఎస్సై మా లైటు చూశాడు, వెనక్కి వెళ్లి టార్పాలిన్ ఎత్తాడు. కింద ఎర్రగా నిండిన బాక్సులు.

"ఇదేనా నీ పేషెంటు?" అన్నాడు. కానిస్టేబుళ్లు నవ్వారు. చుట్టూ మూగిన డ్రైవర్లూ నవ్వారు.

"పేషెంటు ముందరుండాది సార్. నా భార్య" అన్నాడు నాయన.

ఎవరూ నమ్మినట్టు లేదు. అమ్మే తలుపు తెరుచుకుని దిగింది. ఎడమ చేతి మీది కొంగు తీసి చూపించింది. సూదులు గుచ్చి గుచ్చి నరం తాడులా లేచిన చెయ్యి అది. నవ్వు ఆగిపోయింది. ఎస్సై చూపు తిప్పుకున్నాడు.

"నువ్వు నిలబడొద్దమ్మా, కూసో" అని, నాయన వైపు తిరిగాడు. "నీ కష్టం నాకు అర్థమైతాండాదప్పా. ఆ అంబులెన్సులో ఉండేదీ ఎవరి పెండ్లామో, ఎవరి బిడ్డో కదా? మంత్రుల కార్లకే తీసేసినారు ఆ లైటు. నీకు నేను యాడ ఇచ్చేది?"

"మరి ఈమెను ఎట్ల తెచ్చేది సార్? మీరే చెప్పండి."

"అంబులెన్సు పిలుసుకో."

"అది పాణం మీదికొస్తే వస్తాది సార్. మాకు రోజు మార్చి రోజు."

ఎస్సై నా వైపు తిరిగాడు. "సదువుకున్న పిల్ల మాదిరుండావు. ఇది తప్పని నీకన్నా తెలీదా?"

నేను నోరు తెరిచేలోగా నాయన అన్నాడు: "దానికి తెలుసు సార్. మొన్ననే చెప్పింది. నేనే ఇనలేదు."

ఎస్సై తానే ఒక ఆటోను ఆపి అమ్మనూ నన్నూ ఎక్కించి, సందుల్లోంచి తీసుకుపొమ్మన్నాడు. మేం కదిలేటప్పటికి ఒక కానిస్టేబుల్ బండి పైకెక్కి లైటు విప్పుతున్నాడు. నాయన కిందినుంచి, వైర్లు తెగకుండా ఎటు తిప్పాలో చెబుతున్నాడు.

ఆసుపత్రికి చేరేసరికి అమ్మ కుర్చీలో వేరే ఆవిడ ఉంది. వాళ్ల తప్పు కాదు. మధ్యాహ్నం ఎవరో రాకపోతే ఆ కాసేపు అమ్మకు ఇచ్చారు.

లైటుకు జరిమానా వేశారు. ఎదురుదారిలో వచ్చి అంబులెన్సును ఆపినందుకు నాయన లైసెన్సు కొన్ని నెలలు సస్పెండ్ చేశారు. బండి తిరిగొచ్చింది, కానీ తోలే మనిషికి తోలే హక్కు లేదు. ఊళ్లో ఎవరూ మాతో పోట్లాడలేదు. ఆ రోజు మగ్గిపోయిన బాక్సుల గురించీ ఎత్తలేదు. కాకపోతే గేటు దగ్గరకొచ్చి "రేపు ఆసుపత్రికి పోతాండావా" అని అడిగేవాళ్లు లేకపోయారు.

కొన్నిసార్లు ఊరివాళ్ల కార్లలో వెళ్లాం. కొన్నిసార్లు బస్సులో. డయాలసిస్ అయ్యాక బస్సులో నిలబడలేక అమ్మ పుంగనూరు బస్టాండులో మెట్ల మీద కూలబడిపోయింది. అప్పుడు కుప్పం నుంచి పిన్ని వచ్చింది. వాళ్లింటికి దగ్గరలోనే డయాలసిస్ చేసే ఆసుపత్రి ఉంది, ఆటోలో పోయి రావచ్చు. "నాతో పంపించు బావా. ఈడుంటే మా అక్కను బస్సులే తినేస్తాయి" అంది. నాయన సరేనన్నాడు. ఆయన సరేననడం తప్ప ఇంకేమనగలడో ఎవరికీ తోచలేదు.

లైసెన్సు మళ్లీ చేతికొచ్చింది. మదనపల్లె ఆసుపత్రికి వెళ్లి అడిగితే అమ్మ కుర్చీ ఎప్పుడో ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. ఖాళీ అయితే ఫోన్ చేస్తామన్నారు. డయాలసిస్ కుర్చీ ఎలా ఖాళీ అవుతుందో మా ఇద్దరికీ తెలుసు. అందుకని నాయన ఆ ఫోన్ గురించి మళ్లీ అడగలేదు. ఇప్పుడు ఆయన పొద్దున్నే ఒక్కడే మార్కెట్‌కు పోతాడు, వరుసలో అందరి వెనక నిలబడతాడు.

ఆదివారాల్లో నేను పలమనేరు మీదుగా బస్సు మారి కుప్పం వెళ్లి వస్తాను. నాయన పంట, పశువులు వదిలి రాలేడు. నేను తిరిగిరాగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న అమ్మ కాళ్ల గురించే. కాళ్లు వాచాయంటే ఒంట్లో నీరు దిగడం లేదని ఆయనకు తెలుసు.

పోయిన ఆదివారం పిన్నివాళ్ల వరండాలో అమ్మకు తల దువ్వాను. జడ చాలా సన్నబడింది. పిన్ని కొడుకు పరీక్షల గురించి, పక్కింటివాళ్ల తమిళం గురించి అమ్మ ఏవేవో చెప్పి నన్ను నవ్వించింది. నేను బయలుదేరుతుంటే గేటు వరకూ వస్తానని లేచింది. అప్పుడు చూశాను, ఆమె వేసుకున్నవి బాబాయి చెప్పులు. తన చెప్పులు గోడవార అలాగే ఉన్నాయి. నేను చూడటం చూసి చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుంది.

ఇంటికి వచ్చెయ్యమ్మా అనాలనిపించింది. వస్తే ఎక్కడికి తీసుకుపోతాం? ఆ మాట కూడా గొంతు దాటలేదు. సంచీ భుజాన వేసుకుని గేటు తీశాను. వెనకనుంచి అమ్మ అంది:

"మీ నాయన అడిగితే వాపు తగ్గిందని చెప్పు పాపా. ఆ మనిషి మాత్రం ఇంకేం జేస్తాడు?"