పాతది కావడానికి నేను తొడుక్కున్న నీలం గౌను

మా చిన్నప్పుడు మా అవ్వ నన్ను ముక్కాలిపీట మీద నిలబెట్టి, దొరసాని కూతురి గౌన్లు నాకు తొడిగి చూసేది... "కదలొద్దు పాపా, సూది గుచ్చుకుంటది" అనేది. గుచ్చుకున్నాక అనేది.

పుదుచ్చేరిలో ఫ్రెంచి దొరలు ఒక్కొక్కరే సర్దుకుని వెళ్ళిపోతున్న రోజులవి. మా ఇల్లు మూలకుళంలో. అవ్వ, అంటే మా నాన్నను కన్నతల్లి, సముద్రం వైపు దొరల ఇళ్ళకు బట్టలు కుట్టి ఇచ్చేది. అందులో ఒక దొరసాని కూతురిదీ నాదీ ఒకటే ఒడ్డూ పొడుగూ. ఆ పిల్ల కొలతలకు నిలబడదట, ఏడుస్తుందట... కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. ఎన్ని గౌన్లు నా ఒంటి మీద తయారయ్యాయో లెక్కే లేదు. ఒక్కటీ నాది కాదు. చివరికి నా చిరుగుల పావడాతోనే నేను పీట దిగేదాన్ని.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే... ఇప్పటికీ పుదుచ్చేరిలోనే, లాస్‌పేటలో ఉండే మా తమ్ముడు పోయిన వారం తన చంటిబొంత ఫోటో పెట్టాడు. "మా అవ్వ ప్రేమ" అని తమిళంలో రాశాడు. దాని కింద చుట్టాలందరూ దండాలు, గుండెలు, కన్నీళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బొంత నడిమధ్యన ఉన్న నీలం ముక్క ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

చెబుతాను వినండి.

ఆ దొరసాని వాళ్ళు ఉన్నట్టుండి ఓడెక్కేశారు. సగం కుట్టిన వాళ్ళ గౌన్లన్నీ అవ్వ ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి... అంచు మడవనిది ఒకటి, ఉత్త టాకాలు వేసి వదిలేసినవి కొన్ని. అందులోనే కూతురి నీలం గౌను. తెల్ల కాలరు, నడుము కింద నిండా కుచ్చులు. చేతులు కుట్టడమొక్కటే మిగిలింది.

నేను దాన్ని చూస్తూ నిలబడితే అవ్వే అంది. "యాడికి పోయిందో ఆ పిల్ల, ఇంక రాదు. చేతులు కుట్టేసి నీకే ఇస్తాలే."

నేను అడగలేదు. తనే అంది. ఈ మాట గుర్తుంచుకోండి.

అప్పటికి అమ్మకు నెలలు నిండాయి. నా తర్వాత పుట్టిన బిడ్డ పురుడు దాటకుండానే పోయింది. కొత్త గుడ్డ మీద పడుకోబెట్టారని, అందుకే అలా జరిగిందని అవ్వ నమ్మకం. మాలో చంటిబిడ్డ కింద కొత్త గుడ్డ వేయరు. ఒకరు కట్టి విడిచినదే వేయాలి. అదీ జబ్బెరగని మనిషి కట్టినదైతే ఆ ఆయుష్షు బిడ్డకు తగులుతుందంటారు.

తమ్ముడు పుట్టాడు. మర్నాడు పొద్దున్నే అవ్వ నన్ను పిలిచి నీలం గౌను చేతికిచ్చింది. చేతులు ఇంకా కుట్టలేదు.

"చుమ్మా, ఊరికే వేసుకో పాపా. పొద్దుగూకే దాకా విప్పొద్దు."

నాకు ఇచ్చేసిందనుకున్నాను... అనుకోనా మరి? వీధంతా తిరిగాను. పక్కింటి అక్క నన్ను ఆపి, "దొరసాని మాదిరి ఉండావు పో" అంది. బావి దగ్గర ఆడవాళ్ళు కుచ్చులు పట్టుకుని చూశారు. పురిటిగది గుమ్మంలో నిలబడి, గిర్రున తిరిగి అమ్మకు చూపించాను. అమ్మ ఒకసారి చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. బాలింత కదా, నిద్రొస్తోందేమో అనుకున్నాను.

దీపం పెట్టే వేళకు అవ్వ గౌను విప్పమంది. విప్పాను. మడిచి పెడుతుందనుకుంటే కత్తెర తీసింది.

"ఏంది అవ్వా ఇది?"

"జొరం ఎరగని ఒళ్ళు నీది. ఒక పొద్దంతా నీ మీద ఉండింది, చాలు. ఇంక ఇది పాత గుడ్డే."

నడుము దగ్గర కత్తెర పడింది. నేను కుచ్చులు పట్టుకుని వదల్లేదు. అవ్వ నా చేతి మీద ఒక్కటి వేసి, "తమ్ముడు బతకొద్దా నీకు?" అని అడిగింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. వదిలేశాను. చేతికొచ్చింది నోటిదాకా రాలేదు.

ఆ తర్వాత మిగిలిన గౌన్లన్నీ రోజుకొకటి నాకే తొడిగింది. పెద్ద దొరసానివి నేల మీద ఈడ్చుకుంటూ ఇంట్లోనే కూర్చున్నాను. వీధిలోకి వెళ్ళలేదు. పొద్దుగూకగానే నేనే విప్పి ఆమె ముందు పడేసేదాన్ని. ముక్కలు కోసి, ఉతికి, నాన్న పాత పంచె మడతల మీద పరిచి బొంత కుట్టింది. కుట్టు చక్కగా ఉంది... అది కాదనను.

తమ్ముడు బతికాడు. బొంత చలవే అని అవ్వ కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుంది. అమ్మ మాత్రం చాలా ఏళ్ళ తర్వాత, "నీ గౌను ఆ పొద్దు..." అని మొదలుపెట్టి ఆపేసింది. ఆ గౌనులాగే అదీ సగంలోనే ఉండిపోయింది.

అవ్వ పాపం భయపడింది కదా అంటారు మీరు. తెలుసు. అడిగి ఉంటే ఇచ్చేదాన్నేమో. అడగకుండా, ఆశపెట్టి తొడిగింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా గౌనుతో పేరు తను తెచ్చుకుంది. వయసొస్తే కోపాలు చల్లారతాయని ఎవరన్నారో గానీ, నాకు చల్లారలేదు.

ఇప్పుడు చంటిపిల్లల పరుపులు కొట్లో దొరుకుతున్నాయి... ప్లాస్టిక్ సంచీలో, ఏనుగు బొమ్మలతో. పాత గుడ్డ అంటే మొహం చిట్లిస్తున్నారు. చిట్లించనీండి. ఇంక ఏ ఆడపిల్లా ఒక పొద్దు మురిసి, దీపాల వేళకు విప్పి ఇవ్వనక్కర్లేదు.

మా తమ్ముడికి తెలుగు మాటే గానీ అక్షరం రాదు. నేనైతే నెల్లూరికి కాపురానికొచ్చి నేర్చుకున్నాను. మనవాళ్ళెవరైనా ఇది వాడికి చదివి వినిపించండి. ఒరే, బొంత నీదే, ఉంచుకో. నడిమి నీలం ముక్క మాత్రం కుట్టు విప్పి నాకు పంపు.

మీ ఇళ్ళల్లోనూ చంటిబొంతలు దాచుకునే ఉంటారు... ఫోటోలు పెట్టండి, చూస్తాను. పెట్టేముందు మీ అక్కను ఒక్కమాట అడగండి, అందులో తనది ఏ ముక్కో.