పల్లపు చేనికి చేరిన మన్ను

మా పెదనాయన కొడుకును మా ఊళ్లో కొన్నేళ్లపాటు మన్నుదొంగ అన్నారు. ఆ మాట పుట్టించినవాణ్ని నేనే. అది అబద్ధం. ఆ అన్న నాకు చేసిన మేలు గురించి రాయాలంటే ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వచ్చే దారి పక్కనే మా నల్లరేగడి చేలు. నాది మెరక, అన్నది దాని కింద పల్లం. మధ్యలో ఉమ్మడి గట్టు. ట్రాక్టర్ కొన్న ఏడు, నా చేనికి అడ్డంగా ఉన్న చిన్న గట్లన్నీ చదును చేయించాను. మాటిమాటికీ బండి తిప్పే పని లేకుండా ఎగువ నుంచి దిగువకు ఒకటే సాలు. సాళ్లు తాడు పట్టి గీసినట్టు ఉండేవి. బస్సులో పోయేవాళ్లు తల తిప్పి చూస్తారని లోపల గర్వం. అన్న మాత్రం వాలుకు అడ్డంగా దున్నేవాడు. నేల ఎటు వంగితే ఆయన సాలు అటు వంగేది. తాగి దున్నినాడని నలుగురిలో నవ్వించేవాణ్ని.

కొన్ని వానాకాలాలు గడిచేసరికి నా చేని ఎగువ భాగం రంగు మారింది. నలుపు పోయి తెల్లటి సున్నపు గడ్డలు తేలాయి. శనగ నేలలో దాగిన తేమతోనే పండే పంట. ఆ తేమను దాచుకోవడానికి అక్కడ మన్నే మిగల్లేదు. మొలకలు జానెడు ఎదగకముందే పండుబారేవి. కింద అన్న చేను మాత్రం గుబురుగా, పచ్చగా ఉండేది. ఉమ్మడి గట్టుకు ఒకచోట గండి కనిపించింది. అన్నే దాన్ని తెగ్గొట్టి నా మన్ను లాక్కున్నాడని టీ హోటల్లో అన్నాను. ఒక్కసారి కాదు, అడిగిన ప్రతివాడికీ చెప్పాను. మా వదిన మా గడప తొక్కడం మానేసింది. అన్న నన్ను ఒక్క మాట అడగలేదు. తప్పు చేసినవాడు గనకే నోరెత్తడం లేదనుకున్నాను.

ఒక భాద్రపద మాసం, మధ్యాహ్నం పెద్ద వాన పట్టుకుంది. ఈసారి గట్టు తెగ్గొడుతుండగానే పట్టుకుందామని పోయాను. అన్న గండి దగ్గరే ఉన్నాడు, చేతిలో పారతో. నా సాళ్లు ఒక్కొక్కటీ ఒక్కో కాలువై పారుతున్నాయి. నీళ్లు కావవి, పలచటి బురద. అన్నీ కలిసి వచ్చి గట్టును గుద్దుతున్నాయి. అన్న రాళ్లూ కంపా గండిలో వేసి కాలితో తొక్కుతున్నాడు. వాటి కింద ఎండిన పాత కంప, బురదలో సగం మునిగిన పాత రాళ్లు కనిపించాయి. ఏటేటా ఆ గండి పూడుస్తూ వచ్చింది ఆయనే.

“చూస్తాండావేందప్పా, ఆ రాయి ఇట్లియ్యి” అన్నాడు.

ఇచ్చాను. ఇద్దరం తడిసి ముద్దయ్యాక, ఇంత తెలిసీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్తే ఇనేటోడివా? నీ సేద్యమంతా బస్సులో పోయేటోళ్ల కోసం గదా.” పారతో బురద ఎత్తి గండిలో వేసి మళ్లీ అన్నాడు. “నీ మన్ను యాడికీ పోలేదులే, నా చేన్లోనే ఉండాది. ఎండకాలం తోలుకో. ముందు ఆ సాళ్లు అడ్డం తిప్పు. లేకుంటే మళ్లీ నా కాడికే వస్తాది.”

వేసవిలో ఆయనే వచ్చి నాతో నిలబడ్డాడు. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపు చెరొక కొస పట్టుకుని, నీళ్లు సమంగా నిలిచిన చోటల్లా మేకు కొట్టాం. ఆ మేకుల వరస పాము పాకినట్టు వచ్చింది. ఆ వరసనే గట్లు వేశాం, సాళ్లూ వాటి వెంటే అడ్డంగా తిప్పాను. ఎక్కువైన వాన నీళ్లు గట్టు తెంచకుండా బయటికి పోయే చోట్లలో, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కగా మిగిలిన రాతి పెళ్లలు తెచ్చి పరిచాం. అన్న చేని మూలలో మేట వేసిన మన్ను తవ్వి, పేడ ఎరువు కలిపి పైకి తోలుకున్నాను. అంతా తిరిగి రాలేదు. ఎగువ మూల ఇప్పటికీ తెల్లగానే ఉంది. అక్కడ పంట ఆశ మానుకుని గడ్డి వేశాను.

ఆ ఏడు వాన నీళ్లు సాళ్లలోనే నిలిచి ఇంకాయి. శనగ విత్తాక ఒకరోజు హోటల్లో కూర్చుంటే, మీయన్న మందు నీకూ ఎక్కిందేందప్పా అని ఒకాయన నా వంకర సాళ్ల మాట ఎత్తాడు. అందరూ నవ్వారు. అన్న కూడా అక్కడే ఉన్నాడు. అప్పుడు చెప్పాను: అన్న గట్టు తెగ్గొట్టలేదు, నా మన్ను పోవడానికి నా దున్నకమే కారణం, నేను చెప్పిందంతా అబద్ధం.

“మాకెప్పుడో తెల్సులేప్పా. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తాండాం” అన్నాడు ఆ ఎగతాళి చేసినాయనే.

అన్న టీ గ్లాసు కింద పెట్టాడు. బర్రెకు నీళ్లు పెట్టాలని లేచి వెళ్లిపోయాడు.

శనగ కొసలు గిల్లే రోజులు వచ్చాయి. గిల్లితే చెట్టు కొమ్మలు వేస్తుంది, గిల్లిన చిగురు కూరకు వస్తుంది. మా వైపు అడగకుండా చిగురు గిల్లుకునేది సొంతవాళ్ల చేనిలోనే. ఒక పొద్దున నేను పోయేసరికి వదిన నా సాళ్లలో వంగి చిగుళ్లు గిల్లి ఒడిలో వేసుకుంటోంది. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

“ఈ పక్క బో లేతగుండాదప్పా. మీ ఇంటికీ రెండు పిడికిళ్లు గిల్లుకోపో” అంది.

నేను తువ్వాలు నడుముకు చుట్టుకుని పక్క సాలులో వంగాను.