ప్రతిసారీ కొత్త ఉప్పు

సాతంరాయి ఊరి ప్రిన్స్ ఎయిర్‌పోర్టు దగ్గర టాక్సీ నడుపుతాడు. పార్కింగులో సవారీ కోసం పడిగాపులు కాస్తూ, ఫోనులో వీడియోలు చూసి వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకున్నాడు. డ్రైవర్ల సంఘానికీ ఒకటి కట్టిపెట్టాడు. పొద్దున్నే అందులో హాజరు వేసుకుంటే, వేసుకున్న వరసలోనే సవారీలు. అంతకుముందు గొంతున్నవాడిదే సవారీ. సంఘంలో ఉన్న ఒకే ఒక్క ఆడ డ్రైవరు, తుక్కుగూడ సంతోషి, ఆ తోపులాటలో ఎప్పుడూ చివరే మిగిలేది. సైటు వచ్చాక ఆమె బండి ముందుకొచ్చింది. అది తన ఘనతేనని ప్రిన్స్ తెగ మురిసిపోయాడు.

మురిసిన మనిషి ఊరికే ఉండడు కదా. పాస్‌వర్డులను ఉన్నవున్నట్టు దాచడం తప్పని ఎక్కడో విని, ఆదివారం చర్చి నుంచి రాగానే పనిలో దిగాడు. ఒక్కొక్కరి పాస్‌వర్డులో వేరే వేరే పిచ్చి అక్షరాలు కలపాలి, దాన్నే ఉప్పు అంటారు. కలిపి, ఎవరూ విడదీయలేనట్టు తొక్కు పచ్చడిలా నూరి దాచాలి. మనిషి మళ్లీ వచ్చినప్పుడు పాత ఉప్పుతోనే నూరి, రెండూ ఒకటేనా అని చూడాలి. మన మేధావి ప్రతిసారీ కొత్త ఉప్పు పడేలా రాశాడు. ఇక ఏ రెండు తొక్కులూ కలవవు.

సరిచూసుకోలేదా అంటే, నిక్షేపంగా చూసుకున్నాడు. అందరినీ సైటు బయటికి పంపి, తన ఫోనును మాత్రం వదిలేశాడు. కట్టినవాడికి ఆమాత్రం మర్యాద ఉండొద్దూ? లోపలికొచ్చినవాళ్ల ఫోనులో సైటు కుకీ అనే గుర్తు పెడుతుంది. అది ఉన్నంతకాలం పాస్‌వర్డు అడగదు. ప్రిన్స్ ఎన్నిసార్లు తెరిచినా సైటు అడ్డు చెప్పలేదు.

సోమవారం పొద్దున ఒక్కరికీ లాగిన్ కాలేదు. పాస్‌వర్డు మరిచిపోయారని ప్రిన్స్ అందరినీ కసిరాడు, తన ఫోను చూపించి మరీ. సంఘం పెద్ద మొగులయ్యకు ఓపిక పోయింది.

"మంచిగ నడిచేదాన్ని ఎందుకు గెలికితివి? పొద్దుగూకేదాక చూస్త. కాకుంటే ఇగ పాత తీరే."

అరుపులు మొదలయ్యాయి, సంతోషి బండి మళ్లీ చివరికి పోయింది. అది చూశాక ప్రిన్స్‌కు కళ్లు తెరుచుకున్నాయి. తిండి మానేసి వెతికితే తప్పు దొరికింది, తను రాసిన ఒక్క లైనులో. పాత ఉప్పే వాడేలా దిద్దాడు. చీకటిపడేలోపు అందరూ లాగిన్ అయ్యారు.

చివరికి సంతోషి వచ్చింది. ఆమె పోగొట్టుకున్న సవారీలు ఎలా తెచ్చివ్వాలో తెలియక, తన ఫోనులో బాగానే వచ్చిందని ప్రిన్స్ గొణిగాడు.

"నువ్వు లోపట్నే కూసుంటివి తమ్మీ," అందామె. "మేం బయట నిలబడ్డది నీకెట్ల ఎరుకైతది?"

ప్రిన్స్ సిగ్గుతో చచ్చిపోయాడు. లాగౌట్ నొక్కాడు. తను కట్టిన సైటే తనను ఎవరు నువ్వని అడిగింది.